హట్టి దాకా ఒక బస్సు

శ్రావణమాసం వచ్చిందంటే సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. పెళ్లి బంగారం కొనడానికి వచ్చే కుటుంబాలు మూడు తరాలూ కలిసే దుకాణం మెట్లెక్కుతాయి. అమ్మమ్మ గొలుసును అరచేతిలో వేసుకుని బరువు అంచనా కడుతుంది. తల్లి తరుగు ఎంత వేశారో, మజూరీ ఎంత కలిపారో గట్టిగా అడుగుతుంది. హాల్‌మార్క్ ముద్ర ఎక్కడుందో పిల్లలే వెతికి చూపిస్తారు. బంగారం గురించి తెలుగు ఇళ్లలో ఉన్నంత పరిజ్ఞానం మరే లోహం గురించీ లేదు. కానీ ఆ పరిజ్ఞానమంతా దుకాణం గుమ్మం దగ్గర మొదలై బీరువా దగ్గర ఆగిపోతుంది. రాయి పగిలి బంగారం బయటపడే చోటు ఎలా ఉంటుందో, ఆ పని ఎవరు చేస్తారో కళ్లారా చూసిన వాళ్లు అరుదు.

చూడాలంటే దేశాలు దాటనక్కర్లేదు. మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా కృష్ణ దాటి రాయచూరు చేరాక, లింగసుగూరు వైపు మరో రెండు గంటలు పోతే హట్టి వస్తుంది. మన దేశం ఏటా వందల టన్నుల బంగారం దిగుమతి చేసుకుంటుంది. ఇక్కడి నేలలోంచి తవ్వి తీసే ఆ కాస్త బంగారంలో దాదాపు అంతా హట్టి, దాని చుట్టుపక్కల గనులదే. దాన్ని నడిపే హట్టి గోల్డ్ మైన్స్ కర్ణాటక ప్రభుత్వ సంస్థ. అయితే 1947లో పుట్టినప్పుడు దాని పేరు హైదరాబాద్ గోల్డ్ మైన్స్. 1956 నవంబరు 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడి, రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా అది హైదరాబాద్ రాష్ట్రపు గని. ఒక సరిహద్దు గీత మారడంతో ఆ ఊరు మన పటంలోంచే కాదు, మన మాటల్లోంచి కూడా వెళ్లిపోయింది.

సికింద్రాబాద్ నుంచి హట్టికి ఒక్కరోజు యాత్ర ఉండాలి. వేకువనే బయల్దేరి, గని ఊరు చూసి, రాత్రికి ఇల్లు చేరేలా కుటుంబాలకు ఒక బస్సు కావాలి. దూరమే, కాదనలేం. కానీ తెల్లవారుజామున లేచి శ్రీశైలం ఘాట్ ఎక్కి, దర్శనం చేసుకుని, రాత్రికల్లా తిరిగొచ్చే జనం మనం. యాదగిరిగుట్టకు, శ్రీశైలానికి ప్యాకేజీ బస్సులున్నాయి. హట్టి పేరు ఆ జాబితాల్లో కనబడదు. రైలు దారి కూడా ఇప్పుడు మెరుగైంది. దేవరకద్ర, కృష్ణ స్టేషన్ల మధ్య ఏళ్ల తరబడి సాగిన కొత్త లైను పూర్తయి, 2023 అక్టోబరు 1న కాచిగూడ, రాయచూరు మధ్య ప్రయాణికుల రైలు మొదలైంది. లోటు దారిలో లేదు.

నిజానికి ఈ దారి సికింద్రాబాద్‌కు పాత బంధువుల ఇంటికి పోయే దారి. 19వ శతాబ్దంలో నిజాం ఖర్చుతో, ఇంగ్లిషు అధికారుల చేతుల్లో నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సేనకు కేంద్రం బొల్లారం. ఆ సేన జీతాల బాకీ కొండలా పెరిగిందని చెప్పి, 1853లో ఈస్టిండియా కంపెనీ నిజాం నాసిరుద్దౌలాను ఒప్పందానికి ఒప్పించింది. బేరార్‌తో పాటు కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది కూడా ఇంగ్లిషు వాళ్ల అజమాయిషీలోకి పోయింది. 1857లో హైదరాబాద్ తమ పక్షాన నిలిచినందుకు 1860లో రాయచూరును తిరిగి ఇచ్చారు, బేరార్ మాత్రం రాలేదు. బొల్లారం మైదానాల్లో కవాతు చేసిన సిపాయిల జీతాలకు ఆ ఏడేళ్లూ పూచీ పడ్డది బంగారం దాచుకున్న ఆ నేల కూడా. కంటోన్మెంట్ చరిత్రను పరేడ్ గ్రౌండ్స్ దగ్గరో, బంగళాల దగ్గరో ఆపేయకుండా పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఆ తర్వాత 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. సంస్థానంలో ఖనిజాలు తవ్వుకునే హక్కు దానికి దక్కింది. ఆ హక్కు చుట్టూ వాటాల కుంభకోణం నడిచి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక విచారణ సంఘాన్నే వేయాల్సి వచ్చింది. ఇదే కంపెనీ 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తీయడం మొదలుపెట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్‌గా మారింది. బొగ్గు కథ సింగరేణి పేరుతో ప్రతి తెలంగాణ ఇంటికీ తెలుసు. అదే సంస్థానంలో, అవే దశాబ్దాల్లో నడిచిన బంగారం కథ మాత్రం పుస్తకాల్లోనే మిగిలిపోయింది.

దారిలో రాయచూరు కోట దగ్గర తప్పకుండా ఆగాలి. కోట గోడలో నలభై అడుగులు దాటిన ఒకే ఒక్క బండరాయి ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో, 1294లో విఠలుడనే సేనాని కోట కట్టించిన సంగతి దాని మీద శాసనంగా చెక్కి ఉంది. ఆ పక్కనే గోడ మీద ఇంకొక చెక్కడం: అంత పెద్ద బండను బండి మీద ఎక్కించి, పశువుల బారులు కట్టి, మనుషులు తోలుకొస్తున్న దృశ్యం. కట్టించిన వాడి పేరు చెక్కడం ఎక్కడైనా ఉన్నదే. మోసుకొచ్చిన వాళ్ల పనిని కూడా రాతికెక్కించిన చోట్లు ఎన్నో లేవు. హట్టికి పోయే కుటుంబం ఈ బొమ్మ చూసి పోతే, ముందు చూడబోయేదానికి కళ్లు సిద్ధపడతాయి.

హట్టిలో మొదట కనిపించేవి షాఫ్టుల మీది ఇనుప గోపురాలు. మల్లప్ప షాఫ్ట్ అన్న పేరు ఆ ఊళ్లో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. వాటి కిందకు కార్మికులు దిగుతారు, ఖనిజం పైకొస్తుంది. కానీ ఈ ఊరి అసలు వింత యంత్రాలకంటే చాలా పాతది. జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ తవ్వకాలు చేపట్టినప్పుడు, తమకంటే ముందే ఎవరో తవ్వేసిన సొరంగాలు ఎదురయ్యాయి. అవి నేలకు 640 అడుగుల లోతు దాకా పోయాయి. లోపల దొరికిన కొయ్య దుంగలను తర్వాతి కాలంలో కార్బన్ పరీక్షకు పెడితే, అవి రెండు వేల ఏళ్ల నాటివని తేలింది. పాత లోకంలో అంత లోతుకు దిగిన గనులు ఎక్కడైనా అరుదు.

మందుగుండు లేని రోజులవి. రాతి ముఖానికి కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. రాయి ఎర్రగా కాలాక నీళ్లు చల్లితే పగుళ్లిచ్చేది. ఆ పగుళ్లలో ఇనుప ఉలులు దించి, ముక్కలు ఊడబెరికి, పైకి మోసి, బండల మీద తొలిచిన గుంటల్లో దంచి పొడి చేసి, నీళ్లలో జాలించి బంగారం తీసేవాళ్లు. నిజాం ప్రభుత్వ గనుల అధికారిగా పనిచేసిన లియొనార్డ్ మన్ ఈ ప్రాంతమంతా తిరిగి ఇలాంటి పాత గోతులను నమోదు చేశాడు. ఇరుకైన సొరంగంలో, పొగలో, ఆరు వందల అడుగుల కింద మంట పెట్టిన మనిషి ఎలా ఊపిరి తీసుకున్నాడో ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు, బంగారం అన్న మాటకు ఇంకో బరువు వస్తుంది.

ఇక మస్కి. హట్టికి గంట ప్రయాణంలో ఉన్న ఈ ఊళ్లో 1915లో బంగారం కోసం వెతుకుతున్న బీడన్ అనే గనుల ఇంజినీరు కంట ఒక గుట్ట రాతి మీద బ్రాహ్మీ అక్షరాలు పడ్డాయి. అప్పటిదాకా దొరికిన శాసనాలన్నిట్లో ‘దేవానాంప్రియుడు’, ‘ప్రియదర్శి’ అన్న బిరుదులే కనిపించేవి. ఆయన అశోకుడేనని పండితులు ఊహించారు గానీ, శాసనంలో పేరు చూడలేదు. మస్కి శాసనంలో అశోకుడి పేరు స్పష్టంగా ఉంది. కొత్తగా పుట్టిన హైదరాబాద్ పురావస్తు శాఖ దాన్ని తన గ్రంథమాలలో మొట్టమొదటి సంపుటంగా అచ్చు వేసింది. చదివి పరిష్కరించింది హెచ్. కృష్ణశాస్త్రి. బంగారం వెతకబోయిన మనిషి వల్ల ఒక చక్రవర్తి పేరు ఖాయమైంది. ఏడో తరగతి పిల్లలకు అశోకుడి పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దక్షిణాదిలో మరొకటుందా?

పిల్లలకు లెక్క కూడా ఇక్కడే చెప్పొచ్చు. ఈ రోజుల్లో టన్ను ఖనిజంలో దొరికే బంగారం కొద్ది గ్రాములే. టన్నుకు మూడు గ్రాములనుకుందాం. నాలుగు తులాల గొలుసు కావాలంటే పదమూడు టన్నులకు పైగా రాయి భూగర్భంలో పేల్చి, పైకి లాగి, మిల్లులో పిండి చేయాలి. ఆ పిండిని సైనైడ్ ద్రావణంలో కలిపితే బంగారం కరిగి ద్రావణంలోకి వస్తుంది. బొగ్గు రేణువులు దాన్ని పట్టుకుంటాయి. వాటి నుంచి విడదీసి కరిగిస్తే ముద్ద తయారవుతుంది. మిగిలిన పదమూడు టన్నుల పిండి ఎక్కడికీ పోదు. ఊరి పక్కనే దిబ్బై కూర్చుంటుంది. పాట్ మార్కెట్ రసీదులో తరుగు శాతం రాసి ఉంటుంది గానీ, ఈ తరుగు రాసి ఉండదు.

ఇంత చెప్పాక ఒక అడ్డంకి గురించి కూడా చెప్పాలి. హట్టి నడుస్తున్న గని. సెలవు రోజు చూసుకుని సంచి భుజాన వేసుకుని లోపలికి పోయే వీలుండదు, ఉండకూడదు కూడా. 1952 నాటి గనుల చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లను గనిలోకి దిగనిచ్చేది కాదు. పైన కూడా గని పనులు జరిగే చోట వాళ్లు ఉండకూడదనేది. ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయడానికి కేంద్రం షరతులతో అనుమతి ఇచ్చిందే 2019లో. కాబట్టి పిల్లలను షాఫ్ట్‌లోకి దింపుదామని ఎవరూ అడగడం లేదు. గేటుకు ఇవతల, పనికి ఎడంగా, కుటుంబాలు నిశ్చింతగా తిరగగలిగే ప్రదర్శనశాల కావాలి. పాత సొరంగపు నమూనా, రెండు వేల ఏళ్ల కొయ్య దుంగ, దంచుడు రాళ్లు, నిన్న మొన్నటి డ్రిల్లు, కార్మికులను దింపే కేజ్, క్యాప్ ల్యాంపు, ఆ డ్రిల్లు పట్టిన మనిషి మాట. సంస్థకు ఇది పెద్ద ఖర్చు కాదు.

ఇది సాధ్యమేనని మనకు సొంత అనుభవం చెబుతోంది. 2022 చివర్లో టీఎస్ఆర్టీసీ, సింగరేణి కలిసి ‘సింగరేణి దర్శన్’ పేరుతో హైదరాబాద్ నుంచి ఒక్కరోజు యాత్ర మొదలుపెట్టాయి. భూగర్భ గని ఎలా ఉంటుందో, ఓపెన్‌కాస్ట్ ఎంత లోతుంటుందో, ఆ బొగ్గుతో కరెంటు ఎలా పుడుతుందో మామూలు జనానికి చూపించడమే దాని ఉద్దేశం. గుడికో, జలపాతానికో కాకుండా ఒక పని జరిగే చోటుకు టికెట్ పెట్టి జనాన్ని తీసుకుపోవడం మంచి ఆలోచన. దాన్ని సరిహద్దు దాటించడానికి ఇద్దరు ఆర్టీసీ అధికారులు, ఇద్దరు పర్యాటక శాఖ అధికారులు ఒక్కసారి కూర్చుంటే సరిపోతుంది. తెలంగాణ బస్సులు రాయచూరు దాకా రోజూ పోతూనే ఉన్నాయి.

కొందరు హట్టి ఎందుకు, కోలార్ చూస్తే పోదా అంటారు. కేజీఎఫ్ సినిమాలు 2018లో, 2022లో వచ్చాక ఆ పేరు పిల్లల నోట కూడా నానుతోంది. కోలార్ చూడదగ్గదే, దాని చరిత్ర మహా గొప్పది. 1880లో జాన్ టేలర్ సంస్థ చేపట్టిన ఆ గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. 1902లో శివసముద్రం నుంచి కావేరి కరెంటు అక్కడికి చేరింది. అక్కడి భూగర్భంలోనే 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ఉత్తర ఆర్కాటు తమిళులు, చిత్తూరు జిల్లా తెలుగువాళ్లు తరాల పాటు ఆ షాఫ్టుల్లో దిగారు. దొరల బంగళాలతో ఆ ఊరికి ‘లిటిల్ ఇంగ్లండ్’ అన్న పేరొచ్చింది. కూలి లైన్లలో ఒక్కో గదిలో ఒక్కో సంసారం సాగింది. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు గడ్డకట్టిన సిలికోసిస్ రోగులు ఎందరో.

సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన ఆ గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఇప్పుడు అక్కడ చాలామందికి పొద్దున్నే బెంగళూరు రైలెక్కి కూలికి పోవడమే బతుకు. సినిమా చూసి వచ్చే కుర్రకారు సైనైడ్ దిబ్బలెక్కి వీడియోలు తీసుకుంటున్నారు. గాలికి లేచే ఆ ధూళిలో ఏముందో వాళ్లకు చెప్పే మనిషి దగ్గర్లో ఉండడు. చరిత్రను చెప్పే ఏర్పాటు ముందుగా చేయకపోతే ఊరు ఏమవుతుందో కోలార్ చూపిస్తోంది. హట్టిలో గని ఇంకా బతికి ఉంది, చెప్పగల మనుషులు ఉన్నారు. గని నడుస్తుండగానే ఆ పని జరగాలి.

కోలార్ మూతపడినప్పుడే మన దగ్గరా రెండు ఊళ్లు చల్లబడ్డాయి. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోని రామగిరి, చిత్తూరు జిల్లాలో కోలార్ పట్టీకి దక్షిణపు కొసనున్న చిగురుగుంట. రెండూ కోలార్ గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ చేతిలోనే నడిచినవి. వాటిని మళ్లీ తెరుస్తామన్న మాట అడపాదడపా వినిపిస్తుంటుంది. తెరిచినా తెరవకపోయినా, అక్కడి పాత కట్టడాలను తుక్కు కింద అమ్మేయకముందే, అక్కడ పనిచేసి ఊళ్లోనే ఉండిపోయిన వృద్ధుల మాటలు రికార్డు చేయాలి. ఆ జిల్లాల్లోని ఏ విశ్వవిద్యాలయమైనా ఒక ఏడాదిలో చేయగల పని ఇది.

గని ఊరిని చూపించడంలో బయటి దేశాల దారులు రెండు రకాలు. ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో 1851 నాటి బంగారపు పరుగును గుర్తుచేస్తూ 1970లో సావరిన్ హిల్ అనే ఆరుబయటి మ్యూజియం కట్టారు. పిల్లలు వాగులో ఇసుక జాలించి బంగారు రవ్వలు వెతుక్కుంటారు, ఒక సొరంగంలోకి దిగి వస్తారు. సరదాగా ఉంటుంది, చదువూ ఉంటుంది. రెండో దారి జపాన్ సాదో ద్వీపానిది. అక్కడి బంగారు గనులకు ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది మన ఢిల్లీలో 2024 జులైలో జరిగిన యునెస్కో సమావేశమే. అయితే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ గనుల్లో పని చేయించిన వెయ్యిమందికి పైగా కొరియన్ల సంగతి దాచకూడదని దక్షిణ కొరియా పట్టుబట్టింది. ఆ కార్మికుల కష్టాన్ని కూడా ప్రదర్శనలో చూపిస్తామని జపాన్ మాటిచ్చాకే ఒప్పుదల కుదిరింది. ఆ ప్రదర్శన చాలదన్న వివాదం తర్వాతా సాగింది. సాగాలి కూడా, ఎవరి చెమటను ఎంత చెప్పాలన్నది తేలిగ్గా తెగే లెక్క కాదు.

హట్టిలో ఈ రెండూ కలవాలి. పిల్లలకు జాలించే తొట్టి ఉండనీ, ఒక రవ్వ దొరికితే కేక పెట్టనీ. దాంతో పాటు కేజ్ దిగే కార్మికుడి షిఫ్టు ఎన్ని గంటలో, ప్రమాదం జరిగితే ఏం చేస్తారో, సైనైడ్ కలిసిన నీళ్లను ఊరి బావుల్లోకి పోకుండా ఎలా ఆపుతున్నారో బోర్డుల మీద దాపరికం లేకుండా రాయాలి. అవి కన్నడంతో పాటు తెలుగులో, ఉర్దూలో కూడా ఉండాలి. రాయచూరు జిల్లాలో ఆ మూడూ ఇళ్లలో వినపడే భాషలే. మస్కి శాసనం దగ్గర కూడా తెలుగు పలక ఒకటి పెట్టమని కోరడం అత్యాశ కాదు.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరిలో మాత్రం ఇవన్నీ మొదటి నుంచీ సరిగ్గా చేసే అవకాశం ఉంది. తొలకరి పడగానే ఆ ఎర్ర చేలల్లో వజ్రాలు వెతకడానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి కుటుంబాలు సద్దిమూటలతో వచ్చి రోజంతా వంగి నడుస్తాయి. అది ఎప్పటినుంచో ఉన్న ఒక్కరోజు యాత్రే. అక్కడే ప్రైవేటు రంగంలో బంగారు గని రూపుదిద్దుకుంది. దానికి కొద్ది దూరంలో ఎర్రగుడి ఉంది. అక్కడి అశోకుడి శాసనాలను 1920ల చివర్లో వెలుగులోకి తెచ్చింది కూడా ఒక భూగర్భ శాస్త్రవేత్తే, పేరు అనూ ఘోష్. ఆ గని చుట్టూ కంచె వేసేటప్పుడే సందర్శకులు నిలబడి చూసే చోటును ప్లానులో పెట్టించాలి. కలెక్టరేటు, గని సంస్థ, పురావస్తు శాఖ కూర్చుని ఎర్రగుడి రాళ్లనూ జొన్నగిరినీ ఒకే మార్గంలో కలపాలి. సికింద్రాబాద్ నుంచి కర్నూలు దాకా నాలుగు వరుసల రహదారి ఎలాగూ ఉంది. అక్కడి నుంచి తుగ్గలి దాకా బస్సు వేయడానికి వచ్చే తొలకరి దాకా ఆగాల్సిన పని లేదు.